అరిటాకు మీద సర్వరు

కంప్యూటరు నిలిచిపోతే దాన్ని ఆపి మళ్లీ వెయ్యడమనే వైద్యాన్ని కనిపెట్టినవాడు ఎవడోగానీ, ఒక్కసారి నా చేతికి దొరికితే బాగుండును. ఇన్నేళ్లలో నేను బాగుచేసిన రోగాల్లో సగం ఆ వైద్యం వల్ల వచ్చినవే. మనిషికి జ్వరమొస్తే ఎందుకొచ్చిందని అడుగుతాం. యంత్రం మూలిగితే మాత్రం ఏమీ అడగకుండా నేరుగా పీక పట్టుకుంటాం. అది ఎలాగో లేచి నిలబడితే మన తెలివి వల్లే లేచిందని పదిమందికి చెప్పుకుంటాం. ఈ విషయంలో చదువు లేనివాళ్లే నయం. వాళ్లు ఎవరినైనా పిలుస్తారు. చదువుకున్నవాళ్లు పిలవడానికి నామోషీ పడి బటన్ నొక్కుతారు.

నాది ఆంధ్ర సరిహద్దున, కర్ణాటకలో ఉన్న పావగడ. మా ఆయనకు బజార్లో మోటార్లు, పైపుల అంగడి. ఇక్కడికి వచ్చి స్థిరపడకముందు నేను బెంగళూరులో చిప్పులు డిజైన్ చేసే ఒక ఆఫీసులో యూనిక్స్ వర్క్‌స్టేషన్లు చూసుకునేదాన్ని. ఊరికొచ్చాక నా చదువుకు దక్కిన గౌరవం ఏమిటంటే, అంగడికి వచ్చినవాళ్లంతా ఫోన్లు నా ముందు పెట్టి పాటలు ఎక్కించమనేవారు. ఆధార్ కార్డులో పేరు తప్పు పడిందని వచ్చేవారు. యూనిక్స్ అంటే ఏంది, విండోస్ కంటే పాతదా కొత్తదా అని ఒక లెక్చరరు అడిగాడు. పాతదే అన్నాను. పెదవి విరిచి వెళ్లిపోయాడు.

తరువాత సోలార్ పార్కు వచ్చింది. శెనక్కాయ చేలన్నీ అద్దాల కింద దాక్కున్నాయి. క్యాతగానచెర్లు దగ్గర ఒక కంపెనీ తన వంతు ప్యానెళ్లకు కంట్రోల్ రూము కట్టుకుని, అందులో యూనిక్స్‌తో నడిచే యంత్రాలు పెట్టింది. అవి చెడిపోతే చూసేవాళ్లు కావాలి కదా. బెంగళూరు హెడ్డాఫీసు ఇంజనీర్లను రమ్మంటే, "పావగడానా మేడమ్, అక్కడ చాలా ఎండ కదా" అన్నారు. ఎండ కోసమే కదా నాయనా మీ కంపెనీ అక్కడికి వచ్చింది అన్నాను. ఆ మాట వాళ్లకు జోకులా వినిపించింది. అలా తాలూకా మొత్తానికి యూనిక్స్ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నాకు వచ్చింది.

ఆ కంట్రోల్ రూము సంగతి కాస్త చెప్పాలి. బల్లల మీద తెరలతో వరుసగా ఉన్నవి వర్క్‌స్టేషన్లు. చూసేవాళ్లకు అవే కంప్యూటర్లు. నిజానికి వాటి కడుపులో పెద్దగా ఏమీ ఉండదు. ఇన్వర్టర్లు పంపే కబుర్లు, ఆకాశం ఫొటోలు, ఆపరేటర్లు తయారుచేసే రిపోర్టులు, అన్నీ పక్క గదిలో ఇనుప చట్రంలో బిగించిన ఒక నల్లటి పెట్టెలో ఉంటాయి. అదే సర్వరు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, ముందర మిణుకుమనే పచ్చ లైట్లు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. వర్క్‌స్టేషన్లు ఆ పెట్టెలోని అరను నెట్‌వర్క్ మీదుగా తమ సొంత అర అన్నట్టు తగిలించుకుంటాయి. దాన్నే మౌంట్ అంటాం. ఒకసారి తగిలించుకున్నాక, ఫైలు తన బల్ల మీద ఉందో పక్క గదిలో ఉందో ఆపరేటర్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఆ తగిలించుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. పెట్టె పలకకపోతే కాసేపు చూసి, తప్పు జరిగిందని చెప్పి చేతులు దులుపుకునేది సాఫ్ట్. పెట్టె పలికేదాకా ఎంతసేపైనా సరే కదలకుండా కూర్చునేది హార్డ్. నేను హార్డ్ పెట్టాను. హెడ్డాఫీసు వాళ్లకు ఇది నచ్చలేదు. "సాఫ్ట్ పెడితే ఎప్పటికీ స్ట్రక్ అవదు కదా మేడమ్" అని ఒక కుర్ర మేధావి నాకు పాఠం చెప్పాడు. అవదు నిజమే. సగం రాసిన ఫైలును సగంలోనే వదిలేసి, అంతా బాగుందన్నట్టు ముందుకు పోతుంది. ఆ సగం ఫైలును నమ్ముకుని రేపు ఎవరో ఒకరు మునుగుతారు. పని చేయకుండా కదిలేదానికంటే, పని కోసం నిలబడేదే నాకు ఇష్టం. మనుషుల్లోనూ అంతే.

ఇక ప్లాంటు మేనేజరు. పావగడ వాడే, తాతల నాటి భూములున్న ఇంటి పిల్లవాడు, నాకంటే చిన్న. ఇంజనీరింగు చదివాడు. ఆ చదువును ఎక్కడ పెట్టి మరచిపోయాడో ఎవరికీ తెలియదు. తెల్లచొక్కా మాత్రం ఎప్పుడూ నలగదు. ప్యానెళ్ల మధ్యకు పోతే నలుగుతుంది కాబట్టి పోడు.

ఆ రోజు ఆయుధ పూజ. మా వైపు ఆ పండగంటే మాటలు కాదు. బస్సు నుంచి కత్తిపీట దాకా, మనిషికి అన్నం పెట్టే ప్రతి పనిముట్టునూ కడిగి, విభూతి గీతలు గీసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టి, ఆ రోజుకు దాన్ని ఊరికే కూర్చోబెడతారు. మర్నాడు పొద్దున మళ్లీ పూజ చేసి కదిలించేదాకా ముట్టుకోరు. మా అంగట్లోనూ చేశాం. నా ల్యాప్‌టాప్, నెట్‌వర్క్ వైర్లకు కొనలు బిగించే క్రింపింగ్ టూల్, స్క్రూడ్రైవర్లు అన్నీ అమ్మవారి పటం ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. ఏడాదంతా నన్ను భరించే వస్తువులు, ఒక్క రోజు విశ్రాంతి తీసుకుంటే నాకేం బాధ.

భోజనానికి కూర్చుని ఓళిగ, అంటే బొబ్బట్టు, తుంచుతుండగా మేనేజరు ఫోన్ చేశాడు.

"అక్కా, కంప్యూటర్లన్నీ నిలిచిపోయినాయి. మౌసు కదులుతాది, ఇంకేమీ కదల్దు."

"ఎప్పట్నించి?"

"పూజ అయినప్పట్నించి. ఆ ఆపరేటర్ పాప చేసిన పనే ఇది. పూజ జరుగుతా ఉంటే మేమంతా చేతులు కట్టుకోని నిలబడినాము. ఆ పాప మాత్రం కుర్చీలోనించి లేయలేదు, టకటకా కొడతానే ఉండె. ఆయుధాలు ఊరికే ఉండాల్సిన టైములో పని చేపిస్తే ఊరుకుంటాయా? కోపం రాదా వాటికి?"

కోపం నాకు వచ్చింది. దాన్ని మింగి, "ఏమన్నా కదిలించినారా?" అని అడిగాను.

"ఏమీ లేదక్కా. కంప్యూటర్లు యాడివి ఆడే ఉండాయి."

"నేనొచ్చేదాకా ఏ బటనూ నొక్కొద్దు."

"సరే" అన్నాడు. ఆ సరే ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలుసు కాబట్టి ఓళిగ సగంలో వదిలి లేచాను. పటం ముందు మరోసారి దండం పెట్టుకుని, ఒకరికి అవసరం పడింది తల్లీ అని చెప్పుకుని, క్రింపింగ్ టూల్ తీసి బ్యాగులో వేసుకున్నాను. దాని మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. స్కూటీ తీశాను.

ప్లాంటు గేటు దగ్గర గుమ్మడికాయ పగలగొట్టిన ముక్కలు కుంకుమనీళ్లలో ఎర్రగా పడి ఉన్నాయి. సెక్యూరిటీ రేకుల షెడ్డు నీడలో బెంచీ మీద ఆ ఆపరేటర్ అమ్మాయి కూర్చుని ఉంది. క్యాతగానచెర్లు పిల్ల. పావగడలో డిప్లొమా చదివింది. చదువు అయిపోయాక ఉద్యోగం లేక, వాళ్లమ్మతో పాటు ప్యానెళ్లు కడిగే పనికి వచ్చేది. ఎండలో మాప్ కర్ర పట్టుకుని వరుసలు వరుసలు కడుగుతూనే, ఈ తెరల ముందు కూర్చునే పని అడిగి అడిగి సంపాదించుకుంది. కడిగేవాళ్లలోంచి ఏసీ గదిలోకి వచ్చినది ఆ అమ్మాయి ఒక్కతే. పండగకు కట్టుకున్న కొత్త చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైంది?" అన్నాను.

"లేచి పొమ్మనిరి అక్కా. రేపట్నించి రావద్దనిరి. అందరి ముందర."

"పూజప్పుడు లేయలేదంట?"

"లేస్తే ఎట్లక్కా? పడమట మబ్బు కమ్ముతా ఉండె. రేపటి షెడ్యూలు అప్పుడు చేయకపోతే తప్పు పోతాది. మబ్బుకేమన్నా పూజ ఉండాదా?"

రేపు ఏ వేళకు ఎంత కరెంటు ఇవ్వగలమో ముందే అంచనా కట్టి, సాయంత్రంలోగా బెంగళూరులో కరెంటు పంపకాలు చూసే ఆఫీసుకు పంపాలి. అదే షెడ్యూలు. అది పోకపోతే కంపెనీకి జరిమానా, ఆ జరిమానా పడటానికి ఎవరో ఒకరి తల కావాలి.

"చేసేసి సేవ్ కొట్టినా అక్కా. కొట్టినప్పుడే నిలిచిపోయె. ఇప్పుడది కూడా పోయింటే, నేనే చెడగొట్టినానని రాసేస్తారు. మళ్లా ఆ మాప్ కర్ర పట్టుకోవాల్నా?" అంది. కొంగు వేలికి చుట్టుకుంది. "దానికన్నా పిలుస్తారో లేదో."

ఇక్కడే కూర్చో, ఎక్కడికీ పోకు అని చెప్పి లోపలికి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ క్షణానికి నాకు యంత్రాల మీద ధ్యాస లేదు. ఆ అమ్మాయిని మళ్లీ ఆ గదిలో చూడకుండా ఇంటికి పోకూడదని మాత్రం అనుకున్నాను.

మేనేజరు ఆ అమ్మాయి కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. నుదుట అడ్డబొట్టు, చెవిలో ఫోను. అవతల హెడ్డాఫీసు. "రీస్టార్ట్ చేశారా సర్?" అని ఆ ఫోనులోంచి వినిపిస్తోంది. చేశాడు కూడా. నా మాట అంతసేపే నిలిచింది. ఆకాశం ఫొటోలు చూపించే యంత్రాన్ని ఆపబోయాడు. అది ఆగడానికి ముందు పెట్టెకు వీడ్కోలు చెప్పాలి, పెట్టె పలకలేదు, అక్కడే చిక్కుకుంది. ఇంకొకదాని బటన్‌ను బలవంతంగా నొక్కిపట్టి చంపి మళ్లీ వేశాడు. అది లేస్తూ లేస్తూ పెట్టె కోసం వెతికి నల్లతెరతో నిలబడిపోయింది. ఇంతవరకు నిలిచిపోయినవి ఇప్పుడు పడిపోయాయి. అయినా మనవాడికి జ్ఞానం కలగలేదు. వేలు ఆ అమ్మాయి యంత్రం బటన్ మీద ఉంది.

"చెయ్యి తీయప్పా" అన్నాను.

"ఇది లాస్టు ట్రై అక్కా."

"అది నొక్కితే షెడ్యూలు పోతుంది. అప్పుడు జరిమానాకు నీ వేలే కారణమని నేనే రాసిస్తా."

వేలు వెనక్కి వెళ్లింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. అధికారం అక్కడ ఉందనుకున్నాడేమో.

నేను పక్క యంత్రం ముందు కూర్చున్నాను. మామూలు ఖాతాతో లోపలికి పోతే మనమూ చిక్కుకుంటాం, ఎందుకంటే ఆ ఖాతాల ఇల్లు కూడా ఆ పెట్టెలోనే ఉంది. యజమాని ఖాతా ఒక్కటే ఆ యంత్రంలోనే సొంతంగా ఉంటుంది. దానితో వెళ్లాను. డిస్కులు చూపించమనే ఆజ్ఞ కూడా ఇవ్వకూడదు, అదీ పెట్టెను పలకరించబోయి మూగబోతుంది. తెలియనివాళ్లు మొదట కొట్టేది అదే, కొట్టి తెర మీద ఇంకొక కిటికీ పోగొట్టుకునేదీ అందుకే. నేను నడుస్తున్న పనుల పట్టీ మాత్రం అడిగాను. ఆ అమ్మాయి యంత్రంలోకి కూడా నెట్‌వర్క్ మీదుగా పోయి చూశాను. షెడ్యూలు చేసే ప్రోగ్రాము పక్కన డి అనే అక్షరం కనిపించింది. యూనిక్స్‌లో దాని అర్థం, ఇది ఎవరు లేపినా లేవని నిద్రలో ఉంది అని.

మేనేజరు మెడ సాచి చూశాడు. "చంపేయక్కా దాన్ని."

"చావదప్పా. పెట్టెతో మాట్లాడకుండా అది చావదు."

"అట్లుంటాదా?"

"ఉంటుంది. నువ్వు చదివిన చదువులో కూడా ఉండింటుంది, చూసుకో."

ఆ యంత్రాన్ని పెట్టె నుంచి బలవంతంగా తెంచే దారి ఒకటి ఉంది. తెంచితే తెర అప్పటికప్పుడు కదులుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఆ అమ్మాయి సేవ్ కొట్టిన పని మాత్రం గాల్లో కలిసిపోతుంది. ఆ ప్రోగ్రాము తన చేతిలో ఉన్న షెడ్యూలును వదలకుండా పట్టుకుని పెట్టె కోసం చూస్తోంది. పెట్టె పలికితే చాలు, ఒక్క అక్షరం పోకుండా రాసేస్తుంది. నేను హార్డ్ పెట్టింది ఇందుకే. హెడ్డాఫీసు మేధావి మాట విని ఉంటే ఈపాటికి మిగిలేది సగం ఫైలు.

పెట్టెకు పింగ్ కొట్టాను. బతికే ఉన్నావా అని అడగడమన్నమాట. జవాబు లేదు. గొడవ తెరలున్న చోట లేదని తేలిపోయింది. లేచి పక్కనున్న సర్వర్ గది తలుపు తీశాను.

ఏసీ చల్లగా వీస్తోంది. ఇనుప చట్రం ఉంది. దాన్లో నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే స్విచ్చు డబ్బా మిణుకుమంటోంది. సర్వరు ఉండాల్సిన అరలో ఏమీ లేదు. పీకిన వైర్లు వేలాడుతున్నాయి. కింద నేల మీద బంతిపూరేకులు.

నాకు మొదట దొంగతనం అనిపించింది. పూరేకులు చూశాక అర్థమైంది. అర్థమయ్యాక దొంగతనమైనా బాగుండేదే అనిపించింది.

కంట్రోల్ రూము దాటి అవతలి హాల్లోకి పోయాను. గోడ వారగా అమ్మవారి పటం. దాని ముందు అరటి పిలకలు, మామిడి తోరణం. కింద పెద్ద అరిటాకు పరిచి, మల్టీమీటర్లు, రెంచీలు, కట్టింగ్ ప్లయర్లు, ప్యానెళ్లు కడిగే మాప్ కర్రలు పేర్చి ఉన్నాయి. అన్నిటికీ నడుమ, పెళ్లికొడుకులా, నా సర్వరు. ముందర మూడు విభూతి గీతలు. లైట్లుండే చోట కుంకుమ బొట్లు. నడుముకు బంతిపూల దండ. నెత్తిన నిమ్మకాయ. ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లు కొందరు పక్కన కూర్చుని బొరుగులు తింటున్నారు. నన్ను చూసి ప్రసాదం తీసుకోమన్నారు.

"ఇది ఈడికి ఎట్లొచ్చె?" అని అడిగాను.

ఆడవాళ్ల వెనక ప్లాంటు ఎలక్ట్రీషియను నిలబడి ఉన్నాడు. మంగళవాడ మనిషి, పెద్దవాడు. "నేనేం జేసేదక్కా. సారు పీకమనె, పీకినా" అన్నాడు.

మేనేజరు వెనకాలే వచ్చాడు. "ఆ రూము ఇరుకు గదక్కా, హారతి తిప్పేదానికి లేదు. కంప్యూటర్లు ఎట్లుండేవి అట్లే పెట్టినాము, ఆయమ్మ పని చేసుకుంటా ఉండె గదా, వాటిని ముట్టలేదు. ఇది ఊరికే డబ్బా."

"ఊరికే డబ్బా అయితే దీనికి పూజ ఎందుకు చేసినావప్పా?"

లెక్కలన్నీ ముందే తెరిచి ఉంచుకుంది కాబట్టి, సేవ్ కొట్టేదాకా ఆ అమ్మాయికి పెట్టెతో పని పడలేదు, పీకిన సంగతీ తెలియలేదు.

ఇక ఆగలేదు నేను. "మా అంగట్లో తక్కెడకు పూజ చేస్తాము. గిరాకీ సరుకు తూగుతా ఉన్నప్పుడు తక్కెడ ఎత్తుకుపోయి పూజ చెయ్యము. ఆ పిల్ల పని చేస్తా ఉంటే చేతికింద పలక లాగేసినట్టు దీన్ని పీక్కొచ్చి, తప్పు ఆ పిల్లదంటివి. దేవతకు కోపమొచ్చిందంటివి. దేవత పేరు మీద నీ తెలివితక్కువను అమ్ముకుంటావా?" అన్నాను. బొరుగులు తినే ఆడవాళ్లు తినడం ఆపారు. ఒకామె చేయి నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో భయమో తెలియలేదు.

"సరే అక్కా, అయిపాయె. ఇప్పుడేం చేయాల?"

"ఎత్తండి. లోపల పెట్టి వైర్లు తగిలిద్దాం."

ఎవరూ కదలలేదు. ఎలక్ట్రీషియను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "పూజ చేసిన అయ్యవారు చెప్పిపోయినాడక్కా. రేపు పొద్దున మళ్లా పూజ అయ్యేదాకా కదిలించకూడదని. నాకు పిల్లలుండారు." ఆడవాళ్లు కూడా తలలూపారు. మేనేజరు మొహం చూస్తే ఆయనకూ భయమే. మర్నాడు పొద్దునదాకా ఆగితే ఆ అమ్మాయి షెడ్యూలూ పోయె, ఉద్యోగమూ పోయె. నేనొక్కదాన్ని ఎత్తగలిగే బరువు కాదు అది. ఎత్తగలిగినా, ఎండలో ఏడాదంతా ఆ కర్రలు మోసే ఆడవాళ్ల కళ్ల ముందు వాళ్ల పూజను కెలకడం నాకు ఇష్టం లేదు. నా ఏవగింపు వాళ్ల మీద కాదు. వాళ్లు పెట్టిన కుంకుమ వల్ల ఏ యంత్రమూ చెడిపోలేదు.

పెట్టె వైర్ల దగ్గరికి రాకపోతే వైర్లనే పెట్టె దగ్గరికి తేవాలి. స్టోరులో నెట్‌వర్క్ వైరు చుట్ట ఉంది. "దీన్ని ముట్టను, కదిలించను. ఉన్నచోటే కరెంటు ఇస్తా. సరేనా?" అన్నాను.

"ఆన్ చేస్తే వాడినట్టే గదక్కా?" అన్నాడు మేనేజరు. షెడ్యూలు పోతే తన తల కూడా ఎగురుతుందని తెలిసి కూడా శాస్త్రం మాట్లాడుతున్నాడు.

ఆడవాళ్లలో పెద్దామె అంది, "దేవుని ముందర దీపం ఎలగల్ల గదమ్మా. దీనికీ లైట్లు ఎలగనీలే."

తీర్పు అయిపోయింది. ఎలక్ట్రీషియను చేతులు ముందుకు తెచ్చుకున్నాడు. సర్వర్ గదిలోని స్విచ్చు నుంచి తలుపు కిందుగా, కంట్రోల్ రూము గోడ వెంబడి, హాల్లోకి వైరు లాగాం. రెండు కొనలూ కుంకుమ అంటిన నా టూల్‌తోనే బిగించాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి అరిటాకు అంచు దాకా చేర్చాం. దండ చెదరకుండా, నిమ్మకాయ దొర్లకుండా, వెనక నుంచి నెట్‌వర్క్ వైరు గుచ్చాను. కరెంటు ప్లగ్గు ఒక్కటే మిగిలింది. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కిటికీలోంచి చూస్తే ఎండ వాలుతోంది.

"తగిలించక్కా" అన్నాడు మేనేజరు.

"ముందు ఆ పాపను పిలుచుకోని రా."

"సెక్యూరిటీకి ఫోన్ చేస్తా."

"ఫోన్లో పంపించినావా? నువ్వే పో."

నన్ను చూశాడు, ప్లగ్గును చూశాడు. "ఇది బ్లాక్‌మెయిల్ అక్కా."

"అవునప్పా" అన్నాను.

వెళ్లాడు. ఇస్త్రీ చొక్కాతో గేటు దాకా ఎండలో నడుచుకుంటూ వెళ్లాడు. ఆ నడకను కిటికీలోంచి ఆసాంతం చూశాను, దాచుకోవడమెందుకు, కడుపు నిండిపోయింది. కాసేపటికి ఇద్దరూ వచ్చారు, ఆయన ముందు, అమ్మాయి వెనక. అప్పుడు ప్లగ్గు పెట్టి బటన్ నొక్కాను.

ఫ్యాన్లు హోరుమన్నాయి. బంతిరేకులు కొన్ని ఎగిరి అరిటాకు మీద పడ్డాయి. కుంకుమ బొట్ల చాటున పచ్చ లైట్లు వెలిగాయి. ఒక ఆడమనిషి చెంపలు వేసుకుంది. డిస్కులన్నీ సరిచూసుకుని లేవడానికి దానికి సమయం పట్టింది. అందరం కంట్రోల్ రూములోకి వెళ్లాం. ఇంతలో మేనేజరు పోయి మళ్లీ ఆ అమ్మాయి కుర్చీలోనే కూర్చున్నాడు. నేను పక్క యంత్రంలో పింగ్ కొట్టి చూస్తూ ఉన్నాను. జవాబు వచ్చింది. ఒకదాని తరువాత ఒకటి, నిద్రలో ఉన్న ప్రోగ్రాములు లేచాయి. తెరల మీద గడియారాలు ఉన్నట్టుండి దూకి వర్తమానంలోకి వచ్చాయి. అమ్మాయి యంత్రంలో, పొద్దున ఆమె కొట్టిన సేవ్ అప్పుడు పూర్తయింది. షెడ్యూలు చెక్కుచెదరకుండా ఉంది.

అమ్మాయి ఆయన వెనక నుంచే వంగి చివరి అంకె దాకా చదువుకుంది. నాకు కళ్లు మసకబారాయి, ఎండకనుకోమని ముక్కు తుడుచుకున్నాను.

మేనేజరు అప్పటికే హెడ్డాఫీసుకు ఫోన్ కలిపాడు. "సాల్వ్ చేసినాం సార్. నెట్‌వర్క్ ఇష్యూ. రీస్టార్ట్ చేస్తే సరిపాయె" అన్నాడు. పెట్టేసి, చుట్టూ చూసి, "చూసినారా, పూజ ఫలితం యాడికీ పోదు" అన్నాడు. సిగ్గు అనేది కూడా ఏదో ఒక అరలో మౌంట్ చేసుకోవాలేమో, ఈయనకు ఆ అర ఎప్పుడో తెగిపోయింది. తరువాత అమ్మాయి వైపు తిరిగి, "సరే, ఇయ్యాల్టికి ఇది పంపించేసి పో. రేపటి సంగతి రేపు చూద్దాము" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆ అమ్మాయి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"రేపు చూసేదేమీ లేదు సార్. పొద్దున మీరు పొమ్మంటిరి, ఏడుస్తా పోతి. గేటు కాడ కూచున్నంక తెలిసె, నేను పోయేదానికి యాడా లేదని. ఈ రూము ఉండేది మా చేన్లో. మీరు కూచున్న తావులోనే మా నాయన శెనక్కాయ పెరికె. మేము చేను కంపెనీకి ఇచ్చింటిమి గానీ, మీకియ్యలేదు. నేను పూజప్పుడు చేసింది ఈ షెడ్యూలు. మీరు చేసింది ఏందో ఆ అరిటాకు మీద ఉండాది, ఎవురన్నా పోయి చూడొచ్చు. టైమవుతాంది. లేయండి సార్, అది నా కుర్చీ."

ఆడవాళ్లందరూ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అందులో వాళ్లమ్మ కూడా ఉందని అప్పుడు చూశాను. మేనేజరు ఏదైనా అనమన్నట్టు నా వైపు చూశాడు. నేను ఆ కుర్చీ వైపు చూశాను.

ఆయన లేచాడు.